తలూపు

"మేక సాక్ష్యం చెప్పడమేందమ్మా?" అన్నాడు వెంకటనారాయణ, మిరపకాయ తొడిమ తీస్తున్న చెయ్యి ఆపి.

లిఖిత ఫోను స్పీకరులో పెట్టి వరండా గట్టు మీద ఉంచింది. అవతల భద్రాచలం నుంచి ఒక ఆఫీసు అటెండరు మాట్లాడుతున్నాడు. అతని గొంతు వరద గోదాట్లో కొట్టుకొచ్చే దుంగలాగా ఒకసారి తేలితే రెండుసార్లు మునుగుతోంది. "మేడం... ఎంక్వైరీల ఒక మే... గ సాక్షి ఉన్నది. మీరొచ్చి ఆమె చెప్పేది మాకు చెప్పాలె. జల్దీ రాండ్రి."

"మేక కాదు నాన్నా, మూగ" అని తండ్రిని దిద్ది, ఫోనువైపు తిరిగి అటెండరును కూడా దిద్దింది. "మూగ అనకూడదండీ. డెఫ్ అనండి."

"అవ్ మేడం. డెత్ సాక్షి."

"డెత్ కాదు బాబూ, డెఫ్! చావు కాదు, చెవుడు!"

వెంకటనారాయణ కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. సగం నీళ్లు నవ్వువి, సగం మిరప ఘాటువి. "ఒక్క అక్షరం అటూ ఇటూ అయితే చూశారా నాన్నా, మనిషి కాస్తా మేకైపోయింది" అంది లిఖిత. అక్షరాల విషయంలో తాను మహా పట్టింపు గల మనిషినని ఆ ఉదయం ఆమె నిజంగానే నమ్మింది.

లిఖిత సైగల భాషకు దుబాసీ. ఖమ్మంలో ఎక్కడ చెవిటివాళ్లకూ చెవులున్నవాళ్లకూ మధ్య పంచాయితీ వచ్చినా ఆమెకే కబురొస్తుంది. ఆమె చేతులు లేస్తే చూడముచ్చటగా ఉంటుంది. అన్నానికో సైగ, ఆకలికో సైగ, అబద్ధానికీ ఒక సైగ. చిక్కల్లా పేర్లతోనే. కొత్తవాళ్లకు ఒక పేరు చెప్పాలంటే ఇంగ్లీషు అక్షరాలను వేళ్లతో ఒక్కొక్కటే కట్టుకుంటూ పోవాలి. ఎడమచేతి బొటనవేలి కొస ముట్టుకుంటే ఏ, చూపుడువేలి కొస ఈ, నడిమివేలు ఐ, ఉంగరపువేలు ఓ, చిటికెనవేలు యూ. ఇవి అచ్చులు. ఇక హల్లుల దగ్గర రెండు చేతులూ హల్లో హల్లో అనుకుంటూ రకరకాలుగా కలుసుకోవాలి. పుట్టు చెవిటివాళ్లు ఈ రాతను కంటిరెప్ప కొట్టేలోగా రాసి పారేస్తారు.

లిఖితకు రాయడం వచ్చు. చదవడమే రాదు. పేరుకు లిఖిత గానీ గాలిలో లిఖించింది ఆమె కంటికి ఆనదు. నెమ్మదిగా రాస్తే అందుకుంటుంది. వేగం హెచ్చితే మొదటి అక్షరం దొరికేలోపు మూడోది పారిపోతుంది. ఇవ్వడంలో కర్ణుడు, పుచ్చుకోవడంలో కుంభకర్ణుడు. శిక్షణ ఇచ్చిన మాస్టారు, ఆయనా చెవిటివాడే, ఈ సంగతి కనిపెట్టి ఆమెకు రెండు మాటలు పదేపదే చెప్పేవాడు. అర్థం కాకపోతే ఆపు, మళ్లీ అడుగు, అందులో నామోషీ లేదు. రెండోది, దుబాసీ నోట వచ్చే 'నేను' దుబాసీది కాదు, సైగ చేసే మనిషిది. 'ఆమె ఇలా అంటోంది' అనకు. ఆమె నేనంటే నువ్వూ నేనను.

రెండో మాట లిఖిత బాగానే పట్టుకుంది. మొదటిదానికి మాత్రం తనదైన చిట్కా ఒకటి కనిపెట్టుకుంది. తెలియని పేరు వేళ్ల మీద పరుగెత్తుతుంటే ఆమె చిరునవ్వుతో తలూపుతుంది. 'ఊఁ, తెలిసింది, కానీ' అన్నట్టు. ఆ తర్వాత వెనకా ముందూ మాటలను బట్టి ఆ పేరేమిటో ఊహించుకుంటుంది. పదిసార్లలో తొమ్మిదిసార్లు గుడ్డిదెబ్బ గురికి తగిలేది. గంగిరెద్దుకు కూడా అంతే కదా, తలూపితే చాలు, బియ్యం పడతాయి.

*

మర్నాడు భద్రాచలంలో బస్సు దిగేసరికి ఎంక్వైరీ ఆఫీసరు మురళీకృష్ణ జీపులో తయారుగా ఉన్నాడు. చర్ల దారిలో ఒక గిరిజన ఆడపిల్లల హాస్టలుకు ప్రయాణం. దారిపొడవునా గుంతలే. జీపు ఎగిరి పడ్డప్పుడల్లా ఆఫీసరు మాట తెగి, మళ్లీ అతుక్కుంటోంది.

"కథేందంటే మేడం, పోయిన వారం మధ్యాహ్నం బువ్వ తిని పిల్లలు వాంతులు చేసుకున్నరు. పాతిక మంది దాక దవాఖానాల పడ్డరు. దేవుడి దయ, అందరూ బతికిన్రు. రాత్రి మిగిలిన సాంబారు పొద్దటి పప్పుల కలిపిన్రట. కలపమన్నదెవరు? వంటాయన పగిడయ్య ఏమో వార్డెన్ మేడమే కలపమన్నదంటడు. వార్డెన్ మేడమేమో నేనసలు వంటింట్లకే పోలేదంటది. ఆ టైముల అక్కడున్న మూడో మనిషి ఒక్కతే. వంటల సాయం చేసే పిల్ల, భవాని. ఆమెకు చెవుల్లేవ్, మాటల్లేవ్. చర్ల అవతల కోయగూడెం పిల్ల, కాకపోతే చెవిటిపిల్లల బడిల పది చదివింది. ఆమె ఎవరి పేరు చెప్తే వాళ్లు ఇంటికే. గందుకే మిమ్ములను పిలిపించిన." గొంతు తగ్గించి అన్నాడు. "పగిడయ్యనే అయ్యుంటడు లెండి. గూడెపోళ్లకు గీ శుభ్రం గిట్ల ఏం తెలుస్తది?"

లిఖిత కిటికీలోంచి బయటికి చూసింది. జవాబు చెప్పవలసిన ప్రశ్న కాదు కదా అనుకుంది.

హాస్టలు గుమ్మంలో వార్డెన్ సీతారావమ్మ ఎదురొచ్చింది. బొద్దుగా, నిండుగా, నుదుట రూపాయంత బొట్టుతో ఉంది. నడుముకు వేలాడే తాళాలగుత్తి ఆవిడకన్నా ముందు మాట్లాడుతోంది. గల్లు, గల్లు. "రా అమ్మాయ్, ఎండలో పడొచ్చావు. మాది సత్తుపల్లి పక్కన. మీదెక్కడ? మధిరా! వెంకటనారాయణగారి అమ్మాయివా? ఓర్నాయనో, మీ మేనత్తను మా పెదనాన్నగారి ఊరే కదమ్మా ఇచ్చింది! మనం మనం ఒకటేనమ్మా." స్టీలు గ్లాసులో చిక్కటి కాఫీ వచ్చింది. లిఖిత తాగింది. ఎక్కడో అడివి అంచున తనవాళ్లు దొరికినట్టు ప్రాణం హాయిగా అనిపించింది. మొహమాటం అనేది మొహంలో ఉంటుందనుకుంటాం. అది కాఫీలో ఉంటుంది.

సాక్ష్యం స్టడీ హాల్లో. సీతారావమ్మను వరండాలో కూర్చోమన్నారు. లోపల మురళీకృష్ణ, రాసుకునే గుమాస్తా, లిఖిత. ఎదురుగా భవాని. ఇరవై దాటి ఉండవు. మోచేతుల దాకా తడి, గుండిగ మసి గోళ్లలో ఇంకా ఉంది. లిఖిత పలకరించగానే ఆ పిల్ల ముఖం విప్పారింది. ఎన్నాళ్లకో తన భాష ఎదుటి చేతుల్లో చూసినట్టుంది. ఆ సంతోషంతోనే కాబోలు, చేతులు ఒక్కసారిగా పరుగందుకున్నాయి.

"రాత్రి సాంబారు మిగిలింది. ఫ్రిజ్ చెడిపోయింది. పొద్దున నేను మూత తీస్తే నురగ. పుల్లటి వాసన" అని భవాని అంటుంటే లిఖిత చక్కగా, 'నేను' తోనే చెప్పుకొచ్చింది. గుమాస్తా రాసుకున్నాడు.

"అది పప్పులో కలపమన్నదెవరు?" అన్నాడు మురళీకృష్ణ.

భవాని ఒక చెయ్యి నడుముకు ఆనించి, వేళ్లను గుత్తిలాగా వేలాడేసి ఊపింది.

లిఖితకు అది సైగల భాషలోని మాట కాదని తెలిసింది. అది ఒక మనిషికి ఈ పిల్ల పెట్టుకున్న సైగ పేరు. చెవిటివాళ్లు తమ చుట్టూ ఉన్న ప్రతి మనిషికీ అలాంటిదొకటి పెడతారు. ఒకరికి మచ్చ, ఒకరికి మీసం. 'ఎవరు?' అని అడిగింది. భవాని వెంటనే పేరు రాసింది. వేళ్లు అరచేతిలో, అరచెయ్యి వేళ్ల మీద, కొసలు కొసలతో. ఎంత పొడుగు పేరది! మధ్యలో ఎక్కడో ఒక ఏ. మళ్లీ ఏ. చివర ఒకే అక్షరం రెండుసార్లు, ఆపైన మరో ఏ. చేతులు ఆగిపోయాయి. భవాని చూస్తోంది. 'తెలిసిందా?'

లిఖిత చిరునవ్వుతో తలూపింది.

ఆ తలూపు భవానికి. కానీ గదిలో ఇంకో రెండు కళ్లు దాన్ని అందుకున్నాయి. "పగిడయ్యేనా?" అన్నాడు మురళీకృష్ణ. ఊపుతున్న తల అప్పటికింకా ఆగలేదు. ఆగి ఉంటే బాగుండేది. చివర రెండు అక్షరాలు, ఒక ఏ. పగిడ-య్య. సరిపోయింది కదా అనుకుంది. నడుము దగ్గర గుత్తి సైగ? స్టోరు తాళాలు వంటాయన దగ్గరే ఉంటాయేమో. అన్నీ కలిశాయి. వరండాలో సీతారావమ్మ కుర్చీలో ఇటు నుంచి అటు సర్దుకుంది. గల్లు, గల్లు. ఆ చప్పుడు భవానికి వినబడదు. లిఖితకు మాత్రం స్పష్టంగా వినబడింది.

"అవునండీ" అంది లిఖిత. "పగిడయ్య."

గుమాస్తా కలం కదిలింది. భవాని ఇంకా చెబుతూనే ఉంది. గాలిలో ఎడమవైపు ఒక మనిషిని నిలబెట్టింది, కుడివైపు ఒక మనిషిని నిలబెట్టింది. ఎడమవైపు మనిషి వద్దన్నాడు. కుడివైపు మనిషి వినలేదు. పేరే దొరకనివాళ్లకు ఎడమ ఎవరో, కుడి ఎవరో! "వద్దన్నా వినలేదట" అంది లిఖిత. 'నేను' ఎప్పుడో జారిపోయి, 'అట' వచ్చి చేరింది. భవాని చేతులు దించి, బరువు దిగినట్టు ఊపిరి వదిలి, లిఖితకు దండం పెట్టింది.

భోజనం పగిడయ్యే తెచ్చాడు. బక్కపలచని మనిషి, భుజాన ఎర్ర తువ్వాలు. స్టడీ హాల్లో తన బతుక్కు సున్నం పెట్టారని ఇంకా తెలియదు. ఆకు పరిచి, నీళ్లు చిలకరించి, అన్నం పెట్టి, పక్కన నిలబడ్డాడు. "తినుండ్రి మేడం. భయపడకుండ్రి. ఇప్పుడే ఒండిన, గోంగూర పప్పు. మంచిగున్నదా?"

"బాగుందండీ" అంది లిఖిత. అన్నం కలుపుతూ, ఏదో ఒకటి మాట్లాడాలి కదా అన్నట్టు అడిగింది. "స్టోరు రూము తాళాలు మీ దగ్గరే ఉంటాయా?"

"నా కాడెందుకుంటయి మేడం?" పగిడయ్య నవ్వాడు. "ఉప్పు గల్లు కావాల్నన్నా వార్డెన్ మేడమే తాళం తియ్యాలె. తాళాలన్నీ ఆమె నడుముకే."

ముద్ద నోటి దగ్గర ఆగిపోయింది. నడుము. గుత్తి. సీతారావ-మ్మ. అందులోనూ చివర రెండు అక్షరాలే, ఒక ఏ. అమ్మకూ అయ్యకూ తేడా తెలియనంత గుడ్డితనమా! ఇప్పుడే లేచి ఆఫీసరు దగ్గరికి వెళ్లి, 'సార్, ఒక్కసారి భవానిని మళ్లీ అడగాలి' అంటే చాలు. అంటే ఆయన 'మరి ఇందాక అవునన్నరు?' అంటాడు. పక్క గదిలోంచి సీతారావమ్మ గొంతు వినబడుతోంది. "అమ్మాయికి నెయ్యి వెయ్యి పగిడయ్యా, మనవాళ్లమ్మాయే."

పగిడయ్య నెయ్యి వేశాడు. "ఇంకొంచెం పెట్టాలా మేడం?"

లిఖిత తలూపింది. పెట్టిందంతా తింది. జీపు హారను కొట్టగానే చెయ్యి కడుక్కుని ఎక్కింది.

*

రెండో రోజు మధ్యాహ్నం వీడియో కాల్ వచ్చింది. లిఖిత మిర్చి కల్లం పక్కన ఉంది. తెరమీద భవాని ముఖం, వెనక సిగ్నలు దొరికే ఏదో దిబ్బ, పొడవాటి ఇప్పచెట్టు. పక్కనుంచి మరో ముఖం చొచ్చుకొచ్చింది. పగిడయ్య భార్య చిన్నక్క.

"మేడమమ్మా, మా ఆయనేం జేసిండు? పారబోస్తనని గుండిగె ఎత్తిండట. గట్లెత్తినోన్ని ఇంటికి పొమ్మన్నరేంది? ఊర్ల మా మొకం మీద ఉమ్మేస్తున్నరమ్మా, పిల్లలకు విషం పెట్టిండని. దవాఖానాల పడ్డోళ్లల్ల మా మరదలి బిడ్డ కూడ ఉన్నది!"

భవాని చిన్నక్కను పక్కకు జరిపి, ఫోను రాళ్ల మధ్య నిలబెట్టి, రెండు చేతులూ ఖాళీ చేసుకుంది. 'నేను ఆయన పేరు చెప్పలేదు. ఎవరి పేరు చెప్పానో నీకు తెలుసు కదా?'

జీవితంలో మొదటిసారి లిఖిత ఆ మాట అడిగింది. 'మళ్లీ రాయి. నెమ్మదిగా.'

భవాని రాసింది. పసిపిల్లకు గోరుముద్దలు పెట్టినంత నెమ్మదిగా. చివర మూడు వేళ్లు అరచేతిలో ఆనించింది. ఎమ్. మళ్లీ మూడు వేళ్లు. ఎమ్. బొటనవేలి కొస. ఏ. ఇంత నెమ్మదిగా రాస్తే మిరపకాయలు కూడా చదవగలవు. ఒక్కసారి, ఆ రోజు, ఆ గదిలో 'మళ్లీ' అని ఉంటే సరిపోయేది.

'అప్పుడు తలూపావు కదా' అంది భవాని. అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగా తెలుసుకోవాలని అడుగుతోంది. 'మరి వాళ్లు వేరే పేరు ఎందుకు రాశారు?'

లిఖిత చేతులు లేచాయి. లేచిన చేతులు ఏం చెబుతాయో ఆమెకే తెలియదు. అవి చెప్పాయి. 'ఆఫీసరు తప్పుగా విన్నాడు.'

భవాని గుండె మీద చెయ్యి వేసుకుంది. 'అదా సంగతి. వినగలిగేవాళ్లు కూడా తప్పు వింటారా?' అని నవ్వింది. 'అయితే నువ్వు ఆయనకు చెప్పు. నువ్వు చెబితే వింటాడు.'

ఆ పిల్ల చేతులెత్తి దండం పెడుతూ ఉండగానే బొమ్మ గడ్డకట్టింది. ఆ దండం పెట్టిన చేతులు తెరమీద చాలాసేపు అలాగే ఉండిపోయాయి. లిఖిత ఫోను బోర్లించింది.

మురళీకృష్ణకు ఫోను చెయ్యడానికి ఆమెకు ఆ రోజంతా పట్టింది. మాటలు కూడబలుక్కుంది. నాకు అర్థం కాలేదండీ. మూడే మాటలు. "సార్, ఆ హాస్టల్ విషయం... భవాని స్టేట్‌మెంట్‌లో చిన్న తేడా వచ్చిందండీ. ఆమె వార్డెన్ గారి పేరు..."

"మాట మార్చిందా?" అన్నాడు మురళీకృష్ణ. "నాకు తెల్సు మేడం. ఒకే గూడెపోళ్లు. పగిడయ్య పెండ్లాం పోయి ఏడ్చుంటది. ఈమె కరిగుంటది. గంతేనా?"

లిఖిత నోరు తెరిచింది. ఫోనులో ఎవరికీ కనబడదని తెలిసి కూడా తలూపింది. ఆ మౌనమే ఆయనకు 'అవ్' అయింది.

"సోమవారం పిల్లల తల్లిదండ్రులొస్తున్నరు. వాళ్ల ముందరే తేల్చేద్దాం. మీరూ రాండ్రి" అని పెట్టేశాడు.

"ఏమైందమ్మా?" అన్నాడు వెంకటనారాయణ, గోనెసంచి మూతి కుడుతూ. "ఆ మేక సాక్ష్యం సంగతి తేలిందా?"

పాపం, ఆయన నవ్విద్దామనే అన్నాడు. లిఖితకు మాత్రం సంతలో మేకలు గుర్తొచ్చాయి. తాడు పట్టుకున్నవాడి వెంట అవి ఎంత నమ్మకంగా నడుస్తాయో.

*

సోమవారం స్టడీ హాలు నిండిపోయింది. తల్లులు కింద కూర్చున్నారు, తండ్రులు గోడలకు ఆనుకుని నిలబడ్డారు. దవాఖానా నుంచి వచ్చిన పిల్లలు కొందరు తల్లుల ఒళ్లో తలలు పెట్టుకుని ఉన్నారు. గుమ్మం బయట, లోపలికి రమ్మనలేదు కాబట్టి, పగిడయ్య ఎండలో నిలబడ్డాడు. ఎవరో అతణ్ని దాటుతూ పక్కకు తిరిగి ఉమ్మేశారు. సీతారావమ్మ ఆఫీసరు పక్క కుర్చీలో ఉంది. లిఖితను చూసి ఆప్యాయంగా నవ్వి, పక్కన చోటు చూపించింది. లిఖిత నిలబడే ఉంది. దుబాసీ నిలబడాలి, చేతులు అందరికీ కనబడాలి. అది రూలు. ఆ రూలు ఉన్నందుకు ఆమె బతికిపోయింది.

మురళీకృష్ణ గొంతు సవరించుకున్నాడు. "అందరూ వినుండ్రి. ఈ భవాని మొన్న మా ముందర పగిడయ్య పేరు చెప్పింది. ఇప్పుడు మాట మార్చింది. ఎందుకు మార్చింది, ఎవరు మార్పించిన్రు, అది ఇయ్యాల తేలాలె. మేడం, ఆమెకు చెప్పుండ్రి."

చెప్పుండ్రి. అనేశాడాయన, అంత తేలిగ్గా. లిఖిత భవాని వైపు తిరిగింది. ఆ పిల్ల ఇవాళ తల దువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చింది. లిఖిత అంతా చెప్పేసి ఉంటుందని, ఇవాళ తాను ఊరికే మళ్లీ ఒకసారి అంటే చాలునని వచ్చింది. లిఖిత చేతులు బరువెక్కాయి. అయినా అక్షరం పొల్లుపోకుండా అన్నీ చెప్పాయి. 'మొన్న నువ్వు పగిడయ్య పేరు చెప్పావు. ఇప్పుడు మాట మార్చావు.'

భవాని కళ్లు చేతుల మీంచి ముఖం మీదికి వచ్చాయి. ముందు అర్థం కాలేదు. 'నేనా?' అన్నట్టు వేలు గుండెకు ఆనించుకుంది. ఆ తర్వాత ఆఫీసరును చూసింది, గుమాస్తాను చూసింది, మళ్లీ లిఖితను చూసింది. ఆ చూపు మెల్లిగా ఒక్కొక్క మెట్టే దిగి అడుగుకు చేరడం లిఖిత చూసింది. ఆఫీసరు తప్పు వినలేదు. ఆఫీసరుకు తప్పే చెప్పారు.

"మూగది, ఏం చెప్తదో ఏందో" అంది ఒక తల్లి.

"పాపం, చిన్నపిల్లండీ. ఎవరో బెదిరించి ఉంటారు" అంది సీతారావమ్మ. గల్లు.

భవాని చేతులు లేచాయి. ఈసారి పరుగు లేదు. నెమ్మదిగా, ఒక్కో సైగ విడివిడిగా, తప్పించుకోవడానికి చోటివ్వకుండా. ఆ హాలులో ఆ సైగలు చదవగలిగింది లిఖిత ఒక్కతే. ఏం చెప్పినా చెల్లుతుంది. 'అవును, మార్చాను' అన్నా చెల్లుతుంది. ఏదీ చెప్పకుండా కళ్లు తిరుగుతున్నాయని కూలబడినా చెల్లుతుంది. లిఖిత పెదాలు తడుపుకుంది.

"నేను మాట మార్చలేదు" అంది. గొంతు తనది, మాట భవానిది. "మొన్న కూడా ఇదే చెప్పాను. సాంబారు పులిసింది. తువ్వాలాయన, అంటే పగిడయ్య, పారబోస్తానని గుండిగ ఎత్తాడు. తాళాలామె వద్దంది. పప్పులో కలిపెయ్యి, ఎవరికీ తెలియదు అంది. ఆయన వద్దన్నాడు. ఆమె వినలేదు. ఆయన కలపనంటే ఆమే గుండిగ వంచింది."

గుమ్మం దగ్గర కదలిక. పగిడయ్య తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"తాళాలామె అంటే?" అన్నాడు మురళీకృష్ణ, తెలిసిపోయినా.

భవాని రాసింది. లిఖిత ఒక్కొక్క అక్షరం పైకి చదివింది. "ఎస్. ఐ. టి. ఏ..." చదువుతుంటే హాలులో పిల్లలు కొందరు పలకమీద అక్షరాలు చదివినట్టు ఆమెతో పాటే పెదాలు కదిపారు. చివర మూడు వేళ్లు రెండుసార్లు అరచేతిని తాకి, బొటనవేలి దగ్గర ఆగాయి. "సీతారావమ్మ."

"ఏమిటమ్మాయ్ ఇది?" సీతారావమ్మ చెయ్యి తాళాలగుత్తి మీద బిగుసుకుంది. దాని నోరు మొదటిసారి మూతపడింది. "ఆ రోజు పగిడయ్యని నువ్వే కదా చెప్పావు?"

"అవ్ మేడం" అన్నాడు మురళీకృష్ణ లిఖితతో. "నేను నా చెవులతోటి విన్న. ఆ రోజు పగిడయ్య అన్నది ఎవరు మరి?"

లిఖిత ఆ ప్రశ్నను కూడా సైగల్లో చెప్పింది. చెప్పడం తన పని. భవాని జవాబిచ్చింది. ఆ జవాబులో మధ్య మధ్య ఒక సైగ వస్తోంది. పెదాల మీద పిచ్చి చిరునవ్వు, కళ్లు సగం మూత, తల పైకీ కిందికీ. లిఖితకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అది మాట కాదు. ఎవరికో పెట్టిన సైగ పేరు.

"నేను పేరు రాశాను" అంది లిఖిత. "ఈమెకు అర్థం కాలేదు. అర్థం కాలేదని ఈమె అడగలేదు. అడిగితే నేను వందసార్లు రాసేదాన్ని. తలూపింది. నాకు అర్థమైందన్నట్టు తలూపితే, మీకు అవునన్నట్టు కనబడింది. తర్వాత ఫోనులో అడిగాను. ఆఫీసరు తప్పు విన్నాడని నాతో అంది. మీతో నేను మాట మార్చానని అంది. నేను వినలేను, ఈమె వినగలదు. అయినా నా మాట ఈమె నోట్లో..." భవాని చేతులు రెండుగా చీల్చి పారేసినట్టు విడిపోయాయి. "చచ్చిపోయింది."

తల్లుల్లో ఒకామె పక్కామెను "ఎవరి సంగతి చెప్తున్నదే?" అని గుసగుసగా అడిగింది.

"ఆగండి, ఆగండి" అన్నాడు మురళీకృష్ణ. "నాకు తికమకైతున్నది. 'నేను' అంటున్నరు, 'ఈమె' అంటున్నరు. ఈమె ఎవరు మేడం? ఎవరి గురించి మాట్లాడుతున్నరు?"

"'నేను' అంటే భవాని సార్" అంది లిఖిత. "నా నోట్లోంచి వచ్చినా, ఇప్పటిదాకా విన్న 'నేను' అంతా ఆమెదే. 'ఈమె' అంటే నేను. పగిడయ్య పేరు భవాని చెప్పలేదు. నాకు తెలియక, తెలియదని చెప్పలేక, మీరన్న పేరుకు నేను అవునన్నాను. అదే రోజు అన్నం తింటూ తప్పని తెలుసుకున్నాను. తెలిసీ ఊరుకున్నాను. మాట మార్చింది ఆమె కాదు. నేను."

ఇందాక ఉమ్మేసిన మనిషి గుమ్మం వైపు చూసి తల దించుకున్నాడు. చిన్నక్క లేచి బయటికి వెళ్లి మొగుడి పక్కన నిలబడింది. గుమాస్తా ఆఫీసరు ముఖంలోకి చూశాడు. "రాయవయ్యా" అన్నాడు మురళీకృష్ణ. మొదట ఆ పేరు అన్న నోరు ఎవరిదో ఆయనకూ గుర్తొచ్చినట్టుంది. మెల్లిగా అడిగాడు. "మరి ఆ పిల్ల మాటిమాటికి తల గిట్ల గిట్ల ఊపుతున్నదే, అదేంది?"

"అది పేరు సార్. తువ్వాలంటే పగిడయ్య. తాళాలంటే సీతారావమ్మ గారు. అది..." లిఖిత ఆగింది. "అది నా పేరు."

భవాని లిఖిత మోచేతిని తట్టింది. 'ఏమంటున్నారు? నాకు చెప్పు.' అది ఆమె హక్కు. హాలులో ఏ మాట పుట్టినా ఆమెకు చేరాలి.

లిఖిత చేతులెత్తి, జరిగిందంతా మొదటి నుంచీ చెప్పుకొచ్చింది. తువ్వాలాయన తప్పు లేదని అందరికీ తెలిసింది. తాళాలామె పేరు రాసుకున్నారు. నువ్వు మాట మార్చలేదని అందరికీ చెప్పాను. మొత్తం పాడు చేసింది ఎవరో కూడా చెప్పాను.

'ఎవరని చెప్పావు?' అంది భవాని, రెప్ప వాల్చకుండా.

తన పేరును వేళ్లతో రాయబోయి లిఖిత ఆగిపోయింది. ఈ పిల్లకు ఆ అక్షరాలతో పనిలేదు. రెండు చేతులూ కిందికి దించి, హాలంతా చూస్తుండగా, తన పేరు తానే చెప్పుకోవడానికి తలూపింది.